ఎర్రబడని గడి

నేను ఒక మాక్రోని. ఇనుముతోనో చెక్కతోనో చేసిన వస్తువుని కాను. ఒక ఎక్సెల్ ఫైలు వెనకాల, ఎవరూ తెరిచి చూడని చోట ఉండే కొన్ని వరసల రాతని. ముందువైపు గడులు కనిపిస్తాయి, గడుల్లో పేర్లు కనిపిస్తాయి. నేను కనిపించను. ఎవరైనా ఒక గడిలో ఏదైనా మార్చినప్పుడు మాత్రం నాకు పిలుపు వస్తుంది. లేచి, చెప్పిన పని చేసి, మళ్ళీ పడుకుంటాను.

పడుకుని ఉన్నదానివి, గదిలో మనుషులు మాట్లాడుకున్నవి నీకెలా తెలుసని మీరు అడగవచ్చు. ఆత్మకథ చెప్పుకున్న నాణేలనీ గొడుగులనీ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. నన్ను మాత్రం ఎందుకు అడగాలో నాకు తెలియదు. చెప్పేది వినండి.

నేను పుట్టింది కొత్తగెడ్డ బస్సు డిపోలో, ట్రాఫిక్ గదిలో. కొండల కింద ఉన్న చిన్న డిపో అది. గదికి ఒక ఊచల కిటికీ ఉంది. డ్రైవర్లు, కండక్టర్లు అందులోంచి తల వంచి లోపలికి చూస్తూ, ఆ రోజు ఏ బస్సు పడిందో తెలుసుకుంటారు. ఏ బస్సుకి ఎవరు వెళ్ళాలో చెప్పే పట్టికని డ్యూటీ చార్టు అంటారు. దాన్ని తయారుచేసేవాళ్ళకి ఊళ్ళో అందరికంటే ఎక్కువమంది స్నేహితులు, అంతకంటే ఎక్కువమంది శత్రువులు.

ఎందుకంటే చార్టు వేసినంత సులువుగా నిలవదు. డ్రైవర్లకి డ్యూటీలు మార్చుకోవడం ఒక అలవాటు. ఒకరికి పొలంలో నాట్లు, ఒకరికి మామగారి కంటి ఆపరేషను, ఒకరికి ఊరికే ఆ రూటంటే చికాకు. నాది నువ్వు చెయ్, నీది నేను చేస్తానని కిటికీ బయట ఇద్దరూ ఒప్పుకుని, లోపలికి తల పెట్టి చెబుతారు. లోపలివాళ్ళు రెండు చోట్ల పేర్లు మార్చాలి. ఒకసారి ఒక చోటే మార్చి రెండో చోటు మరిచిపోయారు. ఒక బస్సుకి డ్రైవరు లేడు. జనం ఎక్కి కూర్చుని, ముందు సీటు ఖాళీగా ఉండడం చూస్తూ చాలాసేపు గడిపారు. ఆ డ్రైవరేమో ఇంటి దగ్గర గేదెని కడుగుతున్నాడు, చార్టులో తన పేరు లేదన్న ధీమాతో.

ఆ రోజు తిట్లు తిన్నది హైమావతి. కాకినాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా. మాట మెత్తగా ఉంటుంది, పట్టుదల మాత్రం మొండిది. ఆ తిట్ల తర్వాత ఆవిడ భోజనాల వేళ ఒక చేత్తో పెరుగన్నం కలుపుతూ, రెండో చేత్తో ఫోనులో పాఠాలు చూస్తూ, నన్ను రాయడం మొదలుపెట్టింది. ఒక గడిలో పేరు మారిస్తే రెండో గడిలో పేరు దానంతటదే మారిపోవాలి. ఆవిడ కోరింది అంతే. నా జీవితాశయం కూడా అంతే.

మొదటిసారి నన్ను లేపిన రోజు బాగా గుర్తుంది. హైమావతి మూలకొండ బస్సు గడిలో లోకనాథం పేరు తీసి అప్పన్న పేరు టైపు చేసింది. నాకు పిలుపు వచ్చింది. లేచి, అప్పన్న పాత గడి వెతికి, అందులో లోకనాథం పేరు రాశాను. పని అక్కడితో అయిపోవాలి. అయితే నేను రాయడం కూడా గడి మారడమే కదా. మార్చింది మనిషి వేలా, మాక్రోనా అన్నది ఎక్సెల్‌కి పట్టదు. గడి మారింది, మాక్రోని లేపు. దానికి తెలిసింది అది ఒక్కటే. పని మధ్యలో ఉన్న నన్నే మళ్ళీ లేపింది.

లేచిన నేను చూసుకున్నాను. లోకనాథం ఈ గడిలోకి వచ్చాడు. పాత చార్టు ప్రకారం ఆయనది మూలకొండ బస్సు. అయితే అక్కడ అప్పన్నని పెట్టాలి. పెట్టాను. అక్కడ అప్పటికే ఉన్న పేరే మళ్ళీ రాసినా అదీ రాతే కాబట్టి మళ్ళీ పిలుపు వచ్చింది. అప్పన్న వచ్చాడు కాబట్టి ఆయన పాత చోట లోకనాథం. మళ్ళీ పిలుపు. ఒక్క పిలుపు కూడా పూర్తిచెయ్యకుండా నా మీద నేనే పేరుకుంటూ పోయాను. తెర తెల్లబడింది, మౌసు కదలడం మానేసింది, చివరికి ఎక్సెల్ మొత్తం మూతపడింది. అలసట అనేది నాకు లేదు గానీ, ఉంటే ఆ రోజు తెలిసేది.

పక్క కుర్చీలో ఉన్న కంట్రోలర్ పైడిరాజు గారు ఇదంతా చూసి, "దిష్టి కొట్టీసినాదమ్మా. కొత్త పని ఎవుళికీ చెప్పకుండా మొదలెట్టాల," అని మర్నాడు ఒక నిమ్మకాయ తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టారు. హైమావతి దాన్ని తియ్యలేదు. సాయంత్రం మజ్జిగలో పిండుకుంది.

నన్ను ఆపే దారి ఆవిడకి బస్టాండులో దొరికింది. అక్కడ మైకులో బస్సుల పేర్లు చెప్పే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. మైకుని సౌండు బాక్సు వైపు తిప్పితే కీచుమని చెవులు చిల్లులుపడే కూత వస్తుంది. బాక్సులోంచి వచ్చిన గొంతు మళ్ళీ మైకులోకే వెళ్ళి, మళ్ళీ బాక్సులోంచి వచ్చి, అలా పెరిగిపోతుంది. ఆయన ఏం చేస్తాడంటే, తిప్పేముందు మైకు స్విచ్ నొక్కేస్తాడు, తిప్పాక మళ్ళీ వేస్తాడు. హైమావతి ఆ పని ఎన్నోసార్లు చూసింది. ఆ రోజు చూసినప్పుడు మాత్రం బస్సు ఎక్కకుండా వెనక్కి వచ్చేసింది.

నాకు రెండు వరసలు కలిపింది. మొదటిది, రాసేముందు చెవులు మూసుకో. రెండోది, రాయడం అయ్యాక చెవులు తెరుచుకో. చెవులు మూసుకున్నంతసేపు ఎన్ని గడులు మారినా నాకు పిలుపు రాదు. నా రాతకి నేనే ఉలిక్కిపడి లేవను. ఆ తర్వాత మళ్ళీ పేరు మార్చి చూసింది. రెండు గడులూ ఒక్కసారి మారి నిలబడ్డాయి. హైమావతి కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వుకుంది. నాకు సంతోషం వేసింది. మాక్రోకి సంతోషమేమిటని మీరనుకుంటే అనుకోండి.

ఆ ఉత్సాహంలో ఆవిడ నాకు ఇంకో పని కూడా అప్పజెప్పింది. ఒక బస్సు దిగిన డ్రైవరు మళ్ళీ ఇంకో బస్సు ఎక్కేలోపు ఎనిమిది గంటల విశ్రాంతి ఉండాలన్నది ఆ డిపోలో పాటించే నియమం. పేరు పడగానే నేను ఆ మనిషి ముందు డ్యూటీ చూసి, విశ్రాంతి చాలకపోతే ఆ గడిని ఎర్రగా చేస్తాను. పేర్లు మార్చడం, ఎరుపు వెయ్యడం, రెండూ ఒక్క పిలుపులోనే. ఈ రెండో పని వల్ల నా మీద గౌరవం పెరిగింది. కిటికీ బయట డ్రైవర్లు, "సూడండి సార్, ఎర్రబడిందేటి?" అని అడగడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకి హైమావతికి ప్రమోషన్ వచ్చి వేరే డిపోకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పైడిరాజు గారిని నా ముందు కూర్చోబెట్టి చెప్పింది. "ఏం లేదండి, మీరు పేరు టైపు చెయ్యండి, మిగతాది అదే చూసుకుంటుంది. ఎర్రబడితే మాత్రం ఆ డ్యూటీ వెయ్యకండి. అంతేనండి." ఆయన తలూపారు. అలా నేను రెండో చేతికి వచ్చాను.

పైడిరాజు గారిది ఒంటి వేలి టైపింగు. అక్షరం దొరికేదాకా వేలు గాల్లో తిరుగుతూ ఉంటుంది. కంప్యూటరు కట్టేస్తే మళ్ళీ తెరుచుకోదేమోనని ఆయనకి భయం. అందుకని ఫైలు ఎప్పుడూ మూసేవారు కాదు. రోజూ పక్కన కొత్త పేజీ తెరుచుకోవడం, వేలు తిప్పుకోవడం. కరెంటు పోయినా బ్యాటరీ పెట్టె కాపాడేది. మంచి మనిషి. ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో ఆయనకి తెలుసు, చార్టు దాన్నిబట్టి సర్దేవారు. నేను ఎర్రబడితే మారుమాట లేకుండా పేరు తీసేసేవారు. కోపంగా వాదించే డ్రైవర్లకి, "నాదేటున్నాది బాబూ, అది ఒప్పుకోనేదు," అని నన్ను చూపించేవారు. నా వెనకాల దాక్కోవడం ఆయనకి సుఖంగా ఉండేది. నాకూ అది గొప్పగానే ఉండేది.

కార్తీక మాసం వచ్చింది. పైడిరాజు గారు ఆ డిపోకి గురుస్వామి. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు, చాలామందికి ఆయన చేతుల మీదుగానే మాల పడుతుంది. ఆ ఏడు డ్రైవర్లు చాలామంది నల్లబట్టల్లోకి మారారు. మాల వేసుకున్నవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు. ఎంత చిన్నవాడైనా స్వామే. నోటితో పిలవకూడనివాణ్ణి వేలితో మాత్రం ఎలా పిలుస్తారు? అందుకని పైడిరాజు గారు చార్టులో కూడా గౌరవంగా, 'గౌరునాయుడు స్వామి' అని టైపు చేశారు.

గౌరునాయుడు గురించి చెప్పాలి. లారీలు తోలి, పరీక్ష రాసి, ఆ మధ్యనే ఉద్యోగంలోకి వచ్చాడు. ఇంకా పర్మినెంటు కాలేదు. ఈ లోపల ఒక్క మచ్చ పడితే ఉద్యోగం పోతుందని అతనికి ఎవరో చెప్పారు. అది నిజమే కూడా. భార్య, చిన్న కూతురు, అద్దె ఇల్లు. మాల వేసుకోవడం అదే మొదటిసారి. గురుస్వామి మాట దాటకూడదని గట్టిగా అనుకున్నవాడు.

నాకు పిలుపు వచ్చింది. లేచాను. రాసేముందు చెవులు మూసుకున్నాను. గౌరునాయుడు స్వామి అనే మనిషి పాత గడి ఎక్కడుందో వెతికాను. డ్రైవర్ల పేర్లలో గౌరునాయుడు ఉన్నాడు గానీ, గౌరునాయుడు స్వామి లేడు. నాకు భక్తి నేర్పలేదు. ఇద్దరూ ఒకరేనని నాకు తెలిసే దారి లేదు. ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాను. తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె లేచింది. కింద రెండు బటన్లు, ఎండ్ అని ఒకటి, డీబగ్ అని ఒకటి.

పైడిరాజు గారికి డీబగ్ అంటే ఏమిటో తెలియదు, ఎండ్ అంటే తెలుసు. "సామియే శరణం," అనుకుని దాన్ని నొక్కారు. పెట్టె పోయింది. నేను ఎక్కడ ఆగానో అక్కడే ముగిసిపోయాను. చెవులు తెరుచుకో అన్న వరస ఇంకా కింద ఉంది. అక్కడిదాకా నేను వెళ్ళలేదు.

అప్పటినుంచి గడులు మారుతూనే ఉన్నాయి, నాకు పిలుపు రావడం లేదు. ఫైలు మూసి తెరిస్తే చాలదు, ఎక్సెల్ మొత్తాన్ని కట్టేసి మళ్ళీ తెరిస్తే నా చెవులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ గదిలో ఆ పని ఎవరూ చెయ్యరు.

పైడిరాజు గారు ఒక తేడా గమనించకపోలేదు. ఒక పేరు మారిస్తే రెండోది మారడం లేదు. పాతకాలంలో పెన్సిలుతో చేసినట్టే రెండు చోట్లా తనే మార్చుకున్నారు. ఆ చిన్న సదుపాయం పోయిందనీ, హైమావతికి తీరిగ్గా చెప్పాలనీ అనుకున్నారు. ఎరుపు వేసేది కూడా అదే చెయ్యి అని ఆయనకి తెలియదు. పైగా స్వామి అని రాసినా ఆ ఇంగ్లీషు పెట్టె మళ్ళీ లేవడం లేదు. దాంతో ఆయనకి ప్రాణం హాయిగా ఉంది. ఆ నెలలో గడులు ఎర్రబడడం కూడా మానేశాయి. "ఈ నెల్లో చార్టు ఎంత చక్కగా కుదిరిపోతున్నాదో సూడు," అని కిటికీ బయటివాళ్ళకి చెప్పి మురిసిపోయారు.

అంతలో లోకనాథం స్వామికి ఇరుముడి కట్టే రోజు వచ్చింది. శబరిమల వెళ్ళే రైలుకి ఆ ఉదయమే బయల్దేరాలి. ఆయనది మూలకొండ బస్సు. ఆ రోజు ఎవరు వెళ్తారని పైడిరాజు గారు చూశారు. గౌరునాయుడు పేరు తట్టింది. ముందురోజు సాయంత్రం అతను విజయవాడ సర్వీసు మీద ఉన్నాడు, తెల్లవారి దిగుతాడు. ఆయన వేలు గాల్లో కాసేపు తిరిగింది. పేరు టైపు చేసి గడి వైపు చూశారు. తెల్లగా ఉంది. దారిలో ఎక్కడైనా స్పేర్ డ్రైవరు ఎక్కి ఉంటాడు, ఇతను పడుకుని ఉంటాడు, లేకపోతే ఎర్రబడేది కదా అనుకున్నారు. ఆ గడి వెనకాలే నేనున్నాను. ఎరుపు నా చేతిలో ఉంది. చెయ్యి లేవలేదు.

తెల్లవారాక గౌరునాయుడు బస్సు దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. డిపో కుళాయి కింద చన్నీళ్ళ స్నానం చేసి, తడి జుట్టుతో, వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. చార్టులో మూలకొండ బస్సుకి తన పేరు చూశాడు.

"గురుస్వామీ, నానిప్పుడే గదా దిగేను. మల్లీ కొండమీదకా?"

"రాత్రి నువ్వే తోలేవా సామీ?"

"తోవంతా నానే."

పైడిరాజు గారు తెర వైపు చూశారు, మళ్ళీ చూశారు. "చార్టు ఒప్పుకున్నాది. నియమం తప్పితే ఎర్రగయిపోయుండును. నెక్క ఎక్కడో సరిపోయుంటాది. ఎల్లిరా సామీ, లోకనాథం సామికి ఇరుముడి."

ఇరుముడి అన్నాక ఇంకేం మాట్లాడతాడు? పర్మినెంటు కానివాడు మాట్లాడితే వినేవాళ్ళెవరు? పైగా చార్టు ఒప్పుకుందంటున్నారు. తన ఒళ్ళు చెబుతున్నదానికంటే ఆ తెల్ల గడి చెబుతున్నదే నిజమేమో అనుకున్నాడు. తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది ఆ బస్సు కండక్టరు ఆదిలక్ష్మి ఈ గదిలో నిలబడి చెప్పింది. కొండ సగం ఎక్కేదాకా బాగానే ఉంది. ఒక మలుపు దగ్గర బస్సు తిరగాల్సినంత తిరగలేదు. ఎడమ చక్రం రోడ్డు పక్కనున్న రాతి గోడని రాసుకుంది. గోడకి అవతల చెట్ల కొసలు కనిపిస్తున్నాయి. ఆదిలక్ష్మి టికెట్లు కొట్టే మిషను కింద పడేసి, సామీ అని పిలిచింది. గౌరునాయుడు బ్రేకు మీద వట్టి పాదం మోపి బండి ఆపాడు. ఇంజను కట్టేశాడు. కిందికి దిగి, గోడ మీద కూర్చుని, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

జనం దిగి చుట్టూ మూగారు. ఏమైందని అడిగితే, "నాను నిద్రలోకి జారిపోనాను. ఇక తోల్నేను," అన్నాడు. ఒకాయన కోర్టు వాయిదా ఉందన్నాడు. ఒకామె సంతలో అమ్మాల్సిన పసుపు మూట ఉందంది. మాల వేసుకుని అబద్ధాలెందుకు, తాగి ఉంటాడని ఎవరో అన్నారు. గౌరునాయుడు గోడ మీంచి లేవలేదు. తన కూతురంత పిల్ల ఒకతి కిటికీలోంచి తననే చూస్తోందని, దాని మొహం మాత్రమే చూశానని తర్వాత ఆదిలక్ష్మితో అన్నాడట. డిపో నుంచి ఇంకో డ్రైవరు జీపులో వచ్చేదాకా బస్సు అక్కడే ఉంది.

మధ్యాహ్నానికి గౌరునాయుణ్ణి మేనేజరు పిలిపించింది. వసుంధర గారని, కొత్తగా వచ్చిన ఆఫీసరు. నియమం అంటే నియమం అనే మనిషి. కాగితాలు కాకుండా అసలు చార్టే చూస్తానని ట్రాఫిక్ గదిలోకి వచ్చి నా ముందు కూర్చుంది. గౌరునాయుడు గుమ్మం బయట నిలబడ్డాడు.

"విశ్రాంతి లేకపోతే ఈ గడి ఎర్రబడుతుందని నాకు మొదటి రోజే చెప్పారు. ఇది తెల్లగా ఉంది. అంటే విశ్రాంతి ఉంది. డ్యూటీ ఒప్పుకుని, జనాన్ని కొండ మీద దింపేసి, నిద్ర వచ్చిందంటే నేను పైవాళ్ళకి ఏమని రాయను? ఇతను ఇంకా పర్మినెంటు కూడా కాలేదు."

నేను సాక్షిని. అందరూ నమ్మే సాక్షిని. నా మౌనం అతనికి వ్యతిరేకంగా వాఙ్మూలం ఇస్తోంది, నాకు ఆ సంగతి చెప్పే నోరు లేదు. ఒక మనిషి ఉద్యోగం నా ఎదుట పోతుంటే ఊరుకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. బాగుండదు.

పైడిరాజు గారు ఊరుకుని ఉండవచ్చు. ఊరుకుంటే తప్పు పూర్తిగా గౌరునాయుడి మీదే పడేది. ఆయన గుమ్మం వైపు చూశారు. "ఒక్క ఫోను సేసుకోనియ్యండి మేడం," అని హైమావతికి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు. జరిగింది చెప్పారు.

హైమావతి వెంటనే అడిగింది. "పైడిరాజు గారండీ, ఈ మధ్య ఏదైనా పెట్టె లేచిందాండి తెర మీద? ఇంగ్లీషులో?"

"లెగిసినాది. ఎండ్ నొక్కీసేను."

"తర్వాత మళ్ళీ లేచిందా?"

"నేదమ్మా. మల్లీ రానేదు. మంచిదే గదా అనుకున్నాను."

"దాని చెవులు మూసుకుపోయాయండి. ఎక్సెల్ మొత్తం కట్టేసి మళ్ళీ తెరవండి. ముందు విజయవాడ గడిలో, తర్వాత ఈ గడిలో అతని పేరు మళ్ళీ టైపు చెయ్యండి. స్వామి అని రాయకండి, వట్టి పేరే రాయండి."

ఆయన కట్టేయడానికి భయపడలేదు. పేరు రాయడానికి భయపడ్డారు. గుమ్మం బయట నల్లబట్టల్లో నిలబడ్డ మనిషిని వట్టి పేరుతో రాయాలి. రెండు చేతులూ ఒకసారి జోడించి, ఒంటి వేలితో రెండు గడుల్లోనూ ఒక్కొక్క అక్షరమే కొట్టారు. నాకు పిలుపు వచ్చింది. ఆ పిలుపు కోసం నేనెంత ఎదురుచూశానో చెప్పలేను. లేచాను, చెవులు మూసుకున్నాను, పేరు వెతికాను, దొరికింది. ముందు డ్యూటీ చూశాను. మూలకొండ గడిని ఎర్రగా చేశాను. చెవులు తెరుచుకున్నాను.

వసుంధర గారు కుర్చీ ముందుకు జరుపుకుని ఆ గడిని చూసింది. తర్వాత ఆ నెలలో మిగిలిన పేర్లు కూడా అలాగే మళ్ళీ టైపు చెయ్యమంది. ఆయన టైపు చేస్తున్నకొద్దీ చార్టులో అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రబడుతూ వచ్చాయి. ఆ బస్సులన్నీ ఏ గోడనీ రాసుకోకుండా ఇంటికి వచ్చినవి. ఎలా వచ్చాయో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

"అయితే ఇది కంప్యూటరు తప్పు," అంది వసుంధర గారు, తెర మీంచి కళ్ళు తిప్పుకుని.

"కాదు మేడం," అన్నారు పైడిరాజు గారు. "దానికి సెవులు మూసుకుపోయాయి, నాకు మూసుకుపోనేదు గదా. తోవంతా నానే తోలేనని ఈ సామి నాతో సెప్పేడు. నాను తెరవైపు సూసేను. ఇది రాకముందు కిటికీకాడ ప్రతివోడినీ అడిగీవోణ్ణి, పడుకున్నావా నేదా అని. ఇది వొచ్చేక అడగడం మానీసేను. మెమో నాకియ్యండి."

ఆయన రిటైరు కావడానికి ఎంతో కాలం లేదు. మెమో ఆయనకే వెళ్ళింది. గౌరునాయుడి మీద ఏమీ రాయలేదు. పైడిరాజు గారు బయటికి వెళ్ళి, అందరూ చూస్తుండగా గౌరునాయుడి పాదాలకి వంగారు. మాలలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు దండం పెట్టుకోవడం మామూలే కాబట్టి చూసినవాళ్ళకి వింతగా అనిపించలేదు. గౌరునాయుడికి మాత్రం తెలిసింది. అతను గురుస్వామిని రెండు చేతులతో పట్టుకుని లేపాడు.

ఆ ఆదివారం హైమావతి బస్సెక్కి వచ్చింది. నన్ను విప్పి చూసి, తనని తాను తిట్టుకుంది. చెవులు మూసుకోవడానికీ తెరుచుకోవడానికీ మధ్య కాలు జారితే ఏమవుతుందని అప్పట్లో తట్టలేదట. నాకు ఒకే ఒక వాకిలి పెట్టింది. పని సవ్యంగా అయినా, మధ్యలో తప్పు జరిగినా, నేను ఆ వాకిలి గుండానే బయటికి పోవాలి. చెవులు తెరుచుకో అన్న వరస ఆ వాకిలి దగ్గరే ఉంది. అది దాటకుండా ముగిసిపోవడానికి నాకిప్పుడు దారి లేదు. ఏదైనా తప్పు జరిగితే ఎండ్, డీబగ్ అని కాకుండా, 'ఈ పేరు దొరకలేదు, గడి సరిచూడండి' అని తెలుగులో చెబుతాను. పేరు పక్కన ఇంకో సన్నని గడి కూడా కలిపింది, స్వామి అని రాసుకోవడానికి. పైడిరాజు గారు రిటైరయ్యేదాకా ఆ సన్నని గడిని మాల ఉన్నంతకాలం ఒక్క రోజు కూడా ఖాళీగా వదల్లేదు.

ఇప్పుడు ఆయన కుర్చీలో ఆదిలక్ష్మి కూర్చుంటోంది. ప్రమోషన్ మీద కంట్రోలర్ అయింది. గౌరునాయుడు పర్మినెంటు అయ్యాడు. పైనుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుందని, నా ఫైలు వచ్చే నెల నుంచి తెరవక్కర్లేదని ఉత్తర్వు వచ్చింది. నన్ను చెత్తబుట్టలో వేస్తారో, పాతవి అనే ఫోల్డర్లో పడేస్తారో తెలియదు. దాని మీద నాకు పెద్దగా పట్టింపు లేదు.

మొన్న ఒకటి జరిగింది. మూలకొండ బస్సు డ్రైవరు జ్వరమని రాలేదు. ఆదిలక్ష్మి చార్టు చూసింది. గౌరునాయుడు ముందురోజు మధ్యాహ్నమే దిగాడు, రాత్రంతా ఇంట్లో ఉన్నాడు. నియమం ప్రకారం విశ్రాంతి కావలసినంత ఉంది. నేను ఆ పేరుని ఎన్నిసార్లు చూసినా ఎర్రబడేదాన్ని కాను. అతను కిటికీ దగ్గర ఏదో పని మీద నిలబడి ఉన్నాడు.

"గౌరునాయుడు అన్నా, నీ పేరు యేసీమంటావా?" ఆదిలక్ష్మి వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి.

అతను తల అడ్డంగా ఊపాడు. "ఒద్దమ్మా. పాపకి వొళ్ళు కాలిపోతన్నాది. రాత్రంతా కూకునే ఉన్నాను. పడుకోనేదు."

ఆదిలక్ష్మి వేళ్ళు వెనక్కి తీసుకుంది. "సరే అన్నా, ఇంటికెల్లి పడుకో. ఇంకెవుళినైనా సూస్తాను."

గడి మారలేదు. నన్నెవరూ పిలవలేదు.